సింగపూర్‌లో పాత షాప్‌హౌస్ లీజుకి తీసుకుని నాట్యం, కచేరీలకి వాడుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. లిటిల్ ఇండియాలో రెండంతస్తుల పాత షాప్‌హౌస్ (కింద అంగడి, పైన కాపురం ఉండేలా వరసగా కట్టిన ఇల్లు) ఒకటి మీ బృందానికి లీజుకి వచ్చేలా ఉంది, రిపేర్లన్నీ మీరే చేయించుకోవాలని ఓనరు అంటున్నారు. కింద లైబ్రరీ, పై అంతస్తులో కూచిపూడి క్లాసులు, నెలకోసారి ఆ పైనే ప్రదర్శనో హరికథో పుస్తక సభో, వంద మంది దాకా కూర్చునేట్టు. అయ్యే పనేనా అన్నారు.

అయ్యే పనే అండి. కాకపోతే నాట్యాన్ని కిందకి దించండి, వంద మందిని యాభై అరవైకి తగ్గించుకోండి, చేతిలో ఉన్న డబ్బు ముందు పైకప్పుకీ గోడల చెమ్మకీ పెట్టండి, స్టేజీ లైట్లు, మైకులు ఆఖర్న చూసుకోవచ్చు. లీజు మీద సంతకం మాత్రం ఇంజనీరు లోపలంతా చూశాకే పెట్టండి.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని, ఇక్కడ పాత షాప్‌హౌస్‌ల రిపేర్ల మీద చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను, వాటిలో కొన్ని నాటకాలకీ సంగీతానికీ వాడుతున్నవే. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది, మనవాళ్ళకి అలాంటి చోటు ఒకటి ఉండాలని నాకూ ఎప్పట్నుంచో ఉంది.

ముందు ఈ ఇల్లు ఎలా నిలబడి ఉంటుందో చెప్తాను, అది తెలిస్తే మిగతా సలహాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ముందువైపు వెడల్పు అయిదారు మీటర్లే ఉంటుంది, లోపలికి మాత్రం ఇరవై ముప్ఫై మీటర్లు పోతుంది. రెండు పక్కలా ఇటుక గోడలు, అవి మీ ఒక్కరివే కావు, పక్కింటివాళ్ళతో ఉమ్మడి, పార్టీ వాల్ అంటారు. పై అంతస్తు నేల మొత్తం ఈ గోడ నుంచి ఆ గోడకి వేసిన చెక్క దూలాల మీదే ఉంటుంది, దూలం చివర గోడలో చేసిన గూట్లో కూర్చుంటుంది. మధ్యలో ఆకాశం కనపడే ఎయిర్‌వెల్, మన మండువా ఇంట్లో లాగ. వెలుతురూ గాలీ అక్కణ్ణుంచే, వాన కూడా అక్కణ్ణుంచే.

ఇప్పుడు ఆ దూలం చివర గురించి. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడ పక్కన ఉన్న నేల పలక ఒకటి లేపించండి. కిందకి టార్చి వేస్తే దూలం నడిమి భాగం గట్టిగా, నల్లగా, నిక్షేపంగా కనపడుతుంది, చెంగల్ అనే గట్టి అడవి చెక్క అయితే వందేళ్ళయినా చెక్కుచెదరదు. అది చూసి చాలామంది సంతోషపడిపోయి పలక మూసేస్తారు. అలా కాకుండా చెయ్యి గోడ దాకా పోనిచ్చి, దూలం గూట్లోకి దూరే చోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కండి. మంచి చెక్క అయితే మొన దిగదు. చెమ్మ పట్టిన గోడలో ఏళ్ళ తరబడి ఉన్న చెక్క అయితే రెండు మూడు అంగుళాలు మెత్తగా లోపలికి పోతుంది, బయటికి తీస్తే గోధుమరంగు పొడి రాలుతుంది, పక్కనే చెదల మట్టి గొట్టాలు కూడా కనపడొచ్చు. అంటే నేల మొత్తం గోడ లోపల ఆ కొస మీద వేలాడుతోందన్నమాట. ఇలాంటివి నేను చాలా ఇళ్ళల్లో చూశాను, పైనుంచి చూస్తే మాత్రం నేల నున్నగా పాలిష్ పెట్టి మెరుస్తూ ఉంటుంది.

దూలాలన్నీ బాగున్నాయనే అనుకుందాం. అప్పుడు కూడా పైన ప్రదర్శన వద్దంటాను. ఇంట్లో మనుషులు తిరిగే నేలకి చదరపు మీటరుకి 150 నుంచి 200 కిలోల బరువు లెక్క కడతాం. జనం గుమిగూడే హాలుకి, అందులో నాట్యం కూడా ఉంటే, ఆ లెక్క 500 కిలోల దాకా పోతుంది. రెట్టింపు కూడా కాదు, అంతకంటే ఎక్కువ. పైగా నాట్యంలో బరువు ఒక్కటే కాదు సమస్య, పది మంది పిల్లలు ఒకే తాళానికి ఒకేసారి అడుగు వేస్తారు చూడండి, సెకనుకి రెండు మూడు అడుగులు, ఆ లయ నేల సహజంగా ఊగే లయకి దగ్గరపడితే ఊపు పెరుగుతూ పోతుంది. పాత చెక్క నేలలు ఇందుకు బాగా లోకువ. కింద కూర్చున్నవాళ్ళ నెత్తిన దుమ్ము రాలడంతో మొదలవుతుంది, తర్వాత ప్లాస్టర్ పగుళ్ళు, తర్వాత ఉమ్మడి గోడ మీద ఒత్తిడి, అప్పుడు పక్కింటివాళ్ళు వస్తారు.

చెక్క తీసేసి కాంక్రీట్ స్లాబు వేసేస్తే పోదా అని మీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. లిటిల్ ఇండియా 1989లో ప్రకటించిన కన్జర్వేషన్ ఏరియాల్లో, అంటే పాత కట్టడాల్ని కాపాడాల్సిన ప్రాంతాల్లో ఒకటి, అక్కడ చెక్క దూలాలు, మెట్లు, కిటికీలు, పైకప్పు, పార్టీ వాల్, ఎయిర్‌వెల్, ఇవన్నీ ఉంచాల్సినవాటిల్లోకే వస్తాయి. యూఆర్ఏ (ఇక్కడి పట్టణ ప్రణాళిక సంస్థ) వాళ్ళ సూత్రం వీలైనంత ఉన్నది ఉంచడం, పాడైనదాన్ని దాని తీరులోనే పునరుద్ధరించడం, జాగ్రత్తగా రిపేరు చెయ్యడం. దాన్ని నేను అడ్డంకిగా చూడను, ఇంజనీరుగా కూడా అదే సరైనది. సున్నంతో కట్టిన పాత ఇటుక గోడకి, లోతులేని పునాదికి కాంక్రీట్ స్లాబు బరువు ఎక్కిస్తే ఆ వీధి వరస మొత్తానికీ ఇబ్బంది. బలం పెంచాలంటే దూలం పక్కన స్టీల్ ప్లేటు వేసి బోల్టులు బిగించొచ్చు, పుచ్చిన కొసని కోసేసి కొత్త గట్టి చెక్క అతకొచ్చు, లేదా వేరే పునాది మీద నిలబడే స్టీల్ ఫ్రేము లోపల పెట్టొచ్చు. పై అంతస్తులో ఆఫీసు, పాట క్లాసు, వీణ క్లాసు, బట్టలు దాచుకునే గది, వీటికి మొదటి రెండూ చాలు.

అన్నట్టు పుస్తకాలు కూడా పైకి ఎక్కించకండి. నాట్యం కిందకి వస్తే లైబ్రరీ పైకి పోతుందని సహజంగా అనుకుంటారు. నిండుగా పేర్చిన పుస్తకాల ర్యాకులు నిలబడ్డ జనం కంటే ఎక్కువ బరువు, పైగా జనం రెండు గంటల్లో వెళ్ళిపోతారు, పుస్తకాలు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి, చెక్క నెమ్మదిగా కిందకి వంగి అలాగే ఉండిపోతుంది. కింద హాల్లోనే రెండు పొడుగు గోడల వెంట ర్యాకులు పెట్టండి. దానివల్ల ఇంకో లాభం ఉంది, సౌండ్ దగ్గర చెప్తాను. గోడకి ర్యాకుకి మధ్య ఒక జానెడు ఖాళీ మాత్రం వదలండి, లేకపోతే వెనక వరస పుస్తకాలకి బూజు పడుతుంది.

కింద హాలు లెక్క ఇది. ఎయిర్‌వెల్ ముందు భాగం అయిదు మీటర్లు ఇంటూ పన్నెండు అనుకుంటే అరవై చదరపు మీటర్లు. నాట్యానికి లోతు కనీసం మూడున్నర మీటర్లు కావాలి, అది తీసేసి, నడిచే దారి వదిలి కుర్చీలు వేస్తే యాభై, పిల్లలు ముందు చాప మీద కూర్చుంటే అరవై. ఖచ్చితమైన సంఖ్య ఎస్‌సీడీఎఫ్ (ఇక్కడి అగ్నిమాపక శాఖ) ఫైర్ నిబంధనల ప్రకారం మీ ఆర్కిటెక్టు తేలుస్తారు, ద్వారాల వెడల్పు, బయటికి పోయే దూరం బట్టి. వంద మంది వచ్చే కార్యక్రమం ఏడాదికి ఒకటో రెండో ఉంటుంది, వాటికి వేరే హాలు అద్దెకి తీసుకోండి. అరవై మంది అయిదు మీటర్ల వెడల్పు గదిలో కూర్చుంటే చివరి వరసకి కూడా అభినయం కంటి చివర దాకా కనపడుతుంది, పెద్ద ఆడిటోరియంలో అది దొరకదు.

కింద కాంక్రీట్ మీద టైల్స్ ఉంటే వాటి మీద నేరుగా నాట్యం చేయించొద్దు, మోకాళ్ళూ పిక్కల ముందు ఎముకా పోతాయి పిల్లలకి. చెక్క పట్టీల మీద, పట్టీల కింద రబ్బరు ముక్కలు పెట్టి, కొంచెం స్ప్రింగ్ ఇచ్చే చెక్క నేల వేయించండి, ముక్కలుగా విప్పేసేట్టు. పాత రంగుల సిమెంటు టైల్స్ ఉంటే అవి కింద భద్రంగా ఉంటాయి, చెక్క అంచుల్లో గాలి ఆడే సందులు వదిలితే కింద చెమ్మ నిలవదు.

ఇక గోడలు. డబ్బంతా మింగేది ఇదే, జనం ఎక్కువగా తప్పుదారి పట్టేదీ ఇక్కడే.

ఈ ఇళ్ళకి అడుగున చెమ్మని ఆపే పొర ఉండదు. నేలలో నీళ్ళు ఇటుకల్లోంచి పైకి పాకుతాయి. సున్నపు పూత ఉన్నన్నాళ్ళూ ఆ తడి గోడ ముఖం మీంచే ఆరిపోయేది, ఎవరికీ కనపడేది కాదు. తర్వాత ఏమైందంటే, 1947 నాటి అద్దె నియంత్రణ చట్టం వల్ల ఓనర్లకి వచ్చే అద్దె నామమాత్రం, ఒక్కో ఇంట్లో గదుల్ని చెక్కలతో చీల్చి బోలెడు కుటుంబాలు, రిపేర్లకి డబ్బు పెట్టేవాళ్ళు లేరు. ఆ చట్టం పూర్తిగా పోయింది 2001లో. ఈలోపు పూత రాలిన చోటల్లా చవగ్గా సిమెంటు పూసేశారు. సిమెంటు తడిని బయటికి పోనివ్వదు, తడి ఇంకా పైకి ఎక్కి సిమెంటు ఎక్కడ ఆగితే అక్కడ బయటికి వస్తుంది, దాంతో పాటు ఉప్పు వస్తుంది, ఆ ఉప్పు పలుకులు కట్టి ఇటుక ముఖాన్నే పొడి చేస్తుంది. నడుము ఎత్తున రంగు పొక్కులు, తెల్లటి పొడి, గోరుతో గీస్తే రాలే ఇటుక కనపడితే కథ ఇదే.

చెయ్యాల్సింది ఏమిటంటే, సిమెంటు పూతని చెమ్మ గుర్తుకి ఇంకో మీటరు పైదాకా జాగ్రత్తగా, ఇటుక పగలకుండా చేత్తో చెక్కించాలి. తర్వాత గోడని వదిలెయ్యాలి. ఇటుక గోడ అంగుళం మందం ఆరడానికి నెల పడుతుందని ఒక మోటు లెక్క ఉంది, తొమ్మిది అంగుళాల గోడకి తొమ్మిది నెలలు, ఇక్కడి గాలిలో తేమకి ఇంకాస్త ఎక్కువే. అన్నాళ్ళు ఎవరూ ఆగలేరు, నాకు తెలుసు, కానీ కనీసం మూడు నాలుగు నెలలు ఆరనిచ్చి, ఉప్పు లాగే మట్టి పట్టీలు వేసి తీసి, అప్పుడు సున్నపు ప్లాస్టర్ వేస్తే ఆ మిగతా తడి దాంట్లోంచే మెల్లగా పోతుంది. పైన మామూలు ప్లాస్టిక్ పెయింట్ వెయ్యకూడదు, సున్నమో సిలికేట్ మినరల్ పెయింటో వెయ్యాలి. కాంట్రాక్టరు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ లోపలివైపు పూసేస్తే రెండు వారాల్లో అయిపోతుందంటాడు. ఒప్పుకోవద్దు. మళ్ళీ ఏడాది తిరిగేసరికి అదే చోట, ఇంకో అడుగు పైన మొదలవుతుంది.

సున్నం పని అంటే పాతకాలం పని, నిలవదు అని మీ కమిటీలో ఎవరైనా అంటే సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్‌కి తీసుకెళ్ళి గోడలు చూపించండి. 1856 నుంచి 1861 దాకా కట్టారు, కట్టింది ఇండియా నుంచి శిక్ష మీద తెచ్చిన ఖైదీలు. ఆ తెల్లటి నునుపు పూతని మద్రాస్ చునామ్ అంటారు, గుల్ల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, చక్కెర వేసి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళతో కలిపి, ఆరాక రాయితో రుద్ది మెరుగు పెట్టేవాళ్ళు. ఆ విద్య మనవైపు నుంచే వచ్చింది. ఆ గోడల ముందు నిలబడితే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ముందు గోడ మీద రంగు తీసేముందు ఒక మూల బొటనవేలి గోరంత చోట సర్జికల్ బ్లేడుతో పొర పొరగా గీయించండి. పైన తెల్ల ఎమల్షన్, దాని కింద పచ్చ, దాని కింద ఇంకో రంగు, అన్నిటికన్నా అడుగున సున్నంలో కలిపిన పాత నీలమో పసుపో బయటపడుతుంది. ఆ ముక్క దాచుకోండి, రంగు ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది. 1930ల ఆర్ట్ డెకో శైలి ఇల్లు అయితే ముందు గోడకి షాంఘై ప్లాస్టర్ ఉండొచ్చు, రాయి పొడితో బూడిదరంగులో ఉంటుంది, దాని మీద రంగు వెయ్యకూడదు, ఎవరైనా వేసి ఉంటే తీయించాలి.

పైకప్పు గోడల కంటే ముందు చేయించాలి, లేకపోతే ఆరబెట్టిన గోడ మళ్ళీ తడుస్తుంది. పెంకులు పగలడం కంటే ఎక్కువగా కారేది పెంకులు పార్టీ వాల్‌ని కలిసే చోట, ఇంకా ఎయిర్‌వెల్ చుట్టూ తూముల దగ్గర. ఇక్కడ ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది, తూము చిన్నదైతే పది నిమిషాల్లో పొంగుతుంది. ఇల్లు చూడ్డానికి వాన పడుతున్నప్పుడే వెళ్ళండి.

సౌండ్ సంగతి. సన్నటి పొడుగాటి గది, ఎదురెదురు గోడలు, చప్పట్లు కొడితే టక టక టక అని మోగుతుంది. మృదంగం దగ్గర ప్రతి దెబ్బా రెండుసార్లు వినపడుతుంది, నట్టువాంగం తాళాలైతే చెవులు చిల్లులు పడతాయి. అందుకే ఆ గోడల వెంట పుస్తకాల ర్యాకులు, ఎగుడు దిగుడుగా ఉండే పుస్తకాల వీపులు శబ్దాన్ని చెదరగొడతాయి. సున్నపు గోడకి ఫోమ్ షీట్లు అంటించకండి, గోడ ఊపిరి పోతుంది. పక్కింటికి శబ్దం పోయేది ఇటుకలోంచి తక్కువ, దూలాల గూళ్ళలోంచి, పైకప్పు కింద గోడ పూర్తిగా ముయ్యని సందుల్లోంచి, ఎయిర్‌వెల్ లోంచి ఎక్కువ. సందులు మూయించండి, పాత చెక్క కిటికీలు అలాగే ఉంచి లోపలివైపు ఇంకో గాజు కిటికీ పెట్టించండి, ఎయిర్‌వెల్ మీద ఏదైనా కప్పాలంటే ముందు యూఆర్ఏని అడగాలి. నన్నడిగితే అరవై మందికి మైకే అక్కర్లేదు. హరికథ చెప్పేవాళ్ళ గొంతు ఆ గదిలో వీధి తలుపు దాకా వినపడుతుంది.

జనం లోపలికి రావడం, బయటికి పోవడం. ముందు వరండాని ఫైవ్ ఫుట్ వే అంటారు, సింగపూర్‌ని బ్రిటిష్ స్థావరంగా మొదలుపెట్టిన రాఫిల్స్ 1822 పట్టణ ప్రణాళిక నాటి నియమం, అది నడిచేవాళ్ళందరిదీ, ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. మన కార్యక్రమం అంటే అరవై జతల చెప్పులు అక్కడే వదిలేస్తారు. మొదటి ఫిర్యాదు దానిమీదే వస్తుంది, రాసిపెట్టుకోండి. తలుపు లోపల చెప్పుల అరలకి చోటు ప్లానులోనే పెట్టించండి. గుమ్మం దగ్గర మెట్టు ఉంటుంది, పెద్దవాళ్ళకీ వీల్‌చైర్‌కీ విప్పి తీసే ర్యాంపు కావాలి, అదీ కార్యక్రమం కింద పెట్టమనడానికి ఇంకో కారణం.

వెనక సందు ఉందా చూడండి. పూర్వం ఈ ఇళ్ళు వీపుకి వీపు ఆనించి కట్టేవాళ్ళు, గాలీ పారిశుధ్యం లేక రోగాలు, 1907లో డాక్టర్ సింప్సన్ నివేదిక వచ్చాక వెనక సందులు తీయడం మొదలైంది. ఇవాళ మీకు అది రెండో ద్వారం. ఆ తలుపు బయటికి తెరుచుకోవాలి, దాని ముందు కుర్చీలు పేర్చకూడదు. గ్రీన్ రూమ్ కూడా ఎయిర్‌వెల్ వెనకే కింద పెట్టండి, ఆహార్యం కట్టుకున్న పిల్ల ఆ నిటారు చెక్క మెట్లు దిగడం నేను ఊహించుకోలేను. చెక్క అంటే ఫైర్ వాళ్ళు ఒప్పుకోరేమో అని భయపడతారు, నిజానికి గట్టి చెక్క మంటలో నిమిషానికి అర మిల్లీమీటరు చొప్పునే బొగ్గవుతుంది, లావు దూలానికి అరగంట తర్వాత కూడా నడుము మిగిలే ఉంటుంది, అది లెక్క కట్టి చూపిస్తాం. పలచటి నేల పలకలకి మాత్రం కింద ఫైర్ బోర్డు అవసరం పడొచ్చు.

కాగితాలు: ఆ ఇంటికి ప్రస్తుతం ఏ వాడకానికి అనుమతి ఉందో యూఆర్ఏ దగ్గర కనుక్కోండి, షాపుకి ఉన్న అనుమతితో సభలు నడపలేరు. వాడకం మార్పు, కన్జర్వేషన్ అనుమతి, ఎస్‌సీడీఎఫ్ ప్లాను, వీటికి రిజిస్టర్డ్ ఆర్కిటెక్టో ప్రొఫెషనల్ ఇంజనీరో ఉండాలి. టికెట్టు ఉన్నా లేకపోయినా ప్రదర్శనల లైసెన్సు సంగతి ఐఎమ్‌డీఏ (మీడియా, ప్రదర్శనల అనుమతులు చూసే ప్రభుత్వ సంస్థ) దగ్గర ముందే తేల్చుకోండి. లీజులో రెండు మాటలు రాయించండి, అనుమతులు రాకపోతే డిపాజిట్ వెనక్కి, గోడలు ఆరే నెలలకి అద్దె లేదు. మీరు పెట్టే డబ్బు ఓనరు ఇంటికే పోతుంది కాబట్టి మామూలు చిన్న లీజుకి ఇంత ఖర్చు పెట్టకండి, పొడిగించుకునే హక్కు రాతలో ఉండాలి. మొత్తం అంచనాలో నేనైతే నాలుగో వంతు పక్కన పెట్టమంటాను, పూత చెక్కాక ఏం బయటపడుతుందో ఎవరూ ముందు చెప్పలేరు. ప్రభుత్వం 1985లో ఆర్ట్స్ హౌసింగ్ స్కీము మొదలుపెట్టింది, తర్వాత దాన్ని నేషనల్ ఆర్ట్స్ కౌన్సిల్ నడిపింది, లిటిల్ ఇండియాలోనే కెర్బావ్ రోడ్డు షాప్‌హౌస్‌ల్లో కళాబృందాలకి చోటిచ్చారు. ఓనరుతో మాట్లాడుతూనే, ఇప్పుడు అలాంటి చోట్లు ఏమున్నాయో కౌన్సిల్‌ని కూడా అడగండి.

నీల్ రోడ్డులో 157 నంబరు, ఎన్‌యూఎస్ (సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం) వాళ్ళ బాబా హౌస్, ఒకసారి కమిటీ అంతా కలిసి చూసి రండి. 1890ల నాటి ఇల్లు, రిపేరు చేసి 2008లో తెరిచారు, ముందే బుక్ చేసుకోవాలి. రంగులు, ఎయిర్‌వెల్, చెక్క పని ఎలా నిలబెట్టారో దగ్గరగా చూడొచ్చు.

మీ ఇంటి ముందు భాగం ఫోటో, ఎయిర్‌వెల్ ఫోటో, కింద గోడ నడుము ఎత్తున దగ్గరగా తీసిన ఫోటో ఇక్కడ పెట్టండి. ఏ కాలం నాటిదో, చెమ్మ ఏ దశలో ఉందో చూసి నాకు తోచింది చెప్తాను. నంబరు, చిరునామా కనపడకుండా చూసుకోండి.